పాత ఆటోమేటిక్ బండికి అదనపు కూలర్: ఎవరికి మేలు, ఎక్కడ బిగించాలి

అమెరికా రోడ్ల మీద తిరిగే కార్ల సగటు వయసు ఇప్పుడు 12 ఏళ్లు దాటింది. కొత్త కార్ల ధరలు, అప్పుల మీద వడ్డీలు పెరగడంతో ఉన్న బండినే ఇంకొన్నాళ్లు నడుపుకుందామనుకునే వాళ్లు ఎక్కువయ్యారు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో లాంటి ఊళ్లకు చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చిన మన పిల్లలు కూడా మొదట ఎక్కువగా కొనేది సెకండ్‌హ్యాండ్ కారే. ఆ కార్లలో దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే.

పాత ఆటోమేటిక్ బండిలో భయపడాల్సిన ఖర్చు గేర్‌బాక్స్‌ది. అది పోతే బాగుచేయించడానికి వేల డాలర్లవుతుంది. చాలాసార్లు అది బండి విలువను మించిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక సలహా ఇస్తుంటారు: బయట ఒక కూలర్ బిగించుకో అని. మామూలు కూలర్ వంద డాలర్ల లోపే దొరుకుతుంది. పని కూడా మరీ పెద్దది కాదు. సలహా మంచిదే. కానీ అన్ని బండ్లకూ ఒకే రకంగా వర్తించదు. కొన్ని బండ్లలో ఎక్కడ బిగించామన్నదాని మీదే గేర్‌బాక్స్ బతుకు ఆధారపడుతుంది. కాబట్టి ముందు లోపల జరిగేదేమిటో చూద్దాం.

మాన్యువల్ బండిలో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పాతకాలపు ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే గుండ్రటి డబ్బా) ఉంటుంది. అందులో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలుంటాయి. ఇంజిన్ వైపు చక్రం తిరిగి ఆయిల్‌ని విసురుతుంది. ఆ ఆయిల్ తాకిడికి గేర్ల వైపు చక్రం తిరుగుతుంది. రెండింటినీ కలుపుతూ ఇనుప కడ్డీ ఏదీ లేదు. అందుకే సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కి ఉంచినా ఇంజిన్ ఆగిపోదు.

ఈ సౌకర్యానికి మూల్యం వేడి. రెండు చక్రాలు ఒకే వేగంతో తిరగనప్పుడల్లా కొంత బలం ఆయిల్‌ని చిలకడానికే ఖర్చవుతుంది. ఆ బలమంతా వేడిగా మారుతుంది. బండి కదలకుండా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే టార్క్ కన్వర్టర్‌లోకి వెళ్లే శక్తి మొత్తం వేడే అవుతుంది. ట్రైలర్ లాగుతూ ఘాట్ ఎక్కేటప్పుడు, ఇసుకలో దిగబడ్డప్పుడు, నడి వేసవిలో కిలోమీటర్ల పొడవునా ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు జరిగేది ఇదే. ఈ నష్టాన్ని తగ్గించడానికే లాక్-అప్ క్లచ్ (వేగం అందుకున్నాక రెండు చక్రాల్నీ కలిపి బిగించే ఏర్పాటు) వచ్చింది. అమెరికా కార్లలో ఇది 1970ల చివరి నుంచి వాడుకలోకి వచ్చింది. అది బిగిసి ఉన్నంతసేపూ వేడి తక్కువ. ఎక్కుడులో బలం చాలక అది వదులైతే వేడి మళ్లీ పెరుగుతుంది.

ఈ వేడిని మోసేది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో తిరిగే ప్రత్యేకమైన ఆయిల్). దాని పని వేడిని మోయడంతో అయిపోదు. బలాన్ని ఒక చక్రం నుంచి మరో చక్రానికి చేర్చేది అదే. లోపలి సన్నని దారుల్లో ఒత్తిడిగా పారుతూ క్లచ్‌లను నొక్కి గేర్లు మార్చేదీ అదే. బేరింగులకు, పళ్ల చక్రాలకు జారుడు ఇచ్చేదీ అదే. ఇన్ని పనులు చేసే ఆయిల్ ఉడికిపోతే గేర్‌బాక్స్‌లో ఏ భాగమూ క్షేమంగా ఉండదు.

ఎంత వేడి ఎక్కువ? మామూలుగా ఈ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఇబ్బంది లేదు. అమెరికాలో గేర్‌బాక్స్ మరమ్మతు చేసేవాళ్లు ఏళ్లుగా ఒక లెక్క చెబుతారు. దాదాపు 80 డిగ్రీల తర్వాత పెరిగే ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఆ లెక్క. 115 దాటితే ఆయిల్ మురిగి లోపలి భాగాల మీద గోధుమరంగు పూతలా పేరుకుంటుంది. 125 దాటాక రబ్బరు సీళ్లు గట్టిపడడం మొదలవుతుంది. 145 ప్రాంతంలో క్లచ్ ప్లేట్లు జారతాయి. పాత మినరల్ ఆయిళ్ల అనుభవం నుంచి వచ్చిన అంచనా ఇది. ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు ఇంతకంటే ఎక్కువ ఓర్చుకుంటాయి. అంకెలు అటూ ఇటూ కావచ్చు గానీ క్రమం మాత్రం ఇదే. సీళ్లు గట్టిపడితే ఒత్తిడి కారిపోతుంది. ఒత్తిడి తగ్గితే క్లచ్‌లు సరిగా పట్టవు. పట్టని క్లచ్ రాపిడితో ఇంకా వేడి పుట్టిస్తుంది. ఒకసారి ఈ చక్రంలో పడ్డ గేర్‌బాక్స్ తనంతట తాను బయటపడదు.

ఇంకో సంగతి గమనించాలి. డాష్‌బోర్డు మీద కనిపించే వేడి ముల్లు చూపించేది ఇంజిన్ కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడిని. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత కాగుతోందో అది చెప్పదు. ముల్లు మధ్యలోనే నిలబడి ఉండగా గేర్‌బాక్స్ ఉడికిపోవచ్చు.

కంపెనీవాళ్లకు ఇదంతా తెలియక కాదు. దాదాపు ప్రతి పాత ఆటోమేటిక్ కారులోనూ ఒక కూలర్ ముందే ఉంటుంది. అది కంటికి కనిపించదు. రేడియేటర్ పక్కనో అడుగునో ఉండే తొట్టిలో, చల్లబడిన కూలెంట్ చేరే చోట ఒక చిన్న గొట్టమో రేకుల పెట్టెనో అమర్చి ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చిన ఆయిల్ దాని లోపల పారుతుంది. చుట్టూ కూలెంట్ ఉంటుంది. వేడి పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చే పద్ధతే ఇది. పళ్లెంలో నీళ్లు ఎంత వేడిగా ఉంటే పాలు అంతవరకే చల్లారతాయి. ఇంజిన్ కూలెంట్ మామూలుగానే 80, 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. రేడియేటర్‌లో కొంత చల్లబడ్డా, ఎండలో ఏసీ వేసుకుని బరువు లాగుతున్నప్పుడు ఆ తొట్టిలోని కూలెంటే కాగుతూ ఉంటుంది. అప్పుడు ఆయిల్ వేడిని ఎక్కడ వదిలించుకోవాలి?

బయటి కూలర్ అవసరం ఇక్కడ వస్తుంది. అది గాలితో చల్లబరుస్తుంది. డాలస్‌లో వేసవి మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలున్నా, 90 డిగ్రీల కూలెంట్‌తో పోలిస్తే అది చాలా చల్లన. తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత త్వరగా బయటికి పోతుంది.

అయితే లోపలి కూలర్‌ని తక్కువ చేసి చూడకూడదు. ద్రవానికి ద్రవం తగిలితే వేడి త్వరగా చేతులు మారుతుంది. బండి ఆగి ఉన్నా కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గాలి లేనప్పుడూ అది పనిచేస్తుంది. చలికాలం ఉదయం అదే కూలెంట్ ఆయిల్‌ని త్వరగా వెచ్చబరుస్తుంది కూడా. అందుకే మామూలు నియమం ఇలా ఉంటుంది: లోపలి కూలర్‌ని ఉంచి, దాని తర్వాత బయటి కూలర్‌ని కలపాలి. ఆయిల్ ముందు గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి బయటి కూలర్‌కు, అక్కడి నుంచి తిరిగి గేర్‌బాక్స్‌కు రావాలి. ఈ వరస తారుమారైతే బయటి గాలితో చల్లబరిచిన ఆయిల్‌ని మళ్లీ వేడి కూలెంట్‌లో ముంచినట్టవుతుంది.

ఈ నియమాన్ని పక్కన పెట్టాల్సిన బండ్లు కొన్ని ఉన్నాయి. వాటి కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో అవి ఇప్పటికీ చవకగా కనిపిస్తాయి, కుటుంబానికి సరిపడా పెద్దగా ఉంటాయి, చూడగానే నచ్చుతాయి. నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్లలో 2005 నుంచి 2010 వరకు వచ్చిన మోడళ్లవి. కొన్నిటిలో రేడియేటర్ లోపలి కూలర్ పగులు పట్టి కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఎలా కలుస్తాయో చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూలర్‌లో ఆయిల్ ఒత్తిడి సాధారణంగా కూలెంట్ ఒత్తిడి కంటే ఎక్కువ. కాబట్టి ఆయిల్ రేడియేటర్‌లోకి జారుతుంది. ఇంజిన్ ఆపగానే పంపు ఆగి ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడుతుంది. కాగిన కూలెంట్ మాత్రం రేడియేటర్ మూత కింద ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడు కూలెంట్ ఆ పగులులోంచి గేర్‌బాక్స్ వైపు వెళుతుంది. పగులు ఒకటే అయినా పాడయ్యేవి రెండు వ్యవస్థలు.

రేడియేటర్‌లో ఆయిల్ పడితే కడిగి బాగుచేసుకోవచ్చు. గేర్‌బాక్స్‌లో కూలెంట్ పడితే అంత తేలిక కాదు. లోపలి క్లచ్ ప్లేట్ల మీద రాపిడి కోసం కాగితం లాంటి పీచు పదార్థాన్ని జిగురుతో అంటించి ఉంచుతారు. కూలెంట్‌లో ఉండే నీళ్లు, గ్లైకాల్ (కూలెంట్ గడ్డకట్టకుండా కలిపే రసాయనం) ఆ జిగురును వదులు చేస్తాయి. పీచు ఉబ్బి, పొరలుగా ఊడి, ఆయిల్ దారుల్లో చేరుతుంది. ఆయిల్ మార్చినా అప్పటికే ఊడినది తిరిగి అంటుకోదు. పైగా ఈ బండ్లలో గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్ కూడా లోపల ఆయిల్ మధ్యనే ఉంటుంది. ఫిర్యాదులు, దావాల తర్వాత 2010లో నిస్సాన్ ఈ రేడియేటర్ల వారంటీని 8 ఏళ్లకు లేదా 80,000 మైళ్లకు పెంచింది. ఆ గడువు ఈ బండ్లన్నిటికీ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు వాటిని కొనే వాళ్లు తమ జాగ్రత్త తామే పడాలి.

ఇలాంటి సమస్య చరిత్రలో ఇదే మొదటిది కాదు. ఒకప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో తిమింగలం నూనె కలిపేవాళ్లు. క్లచ్‌లు కుదుపు లేకుండా పట్టడానికి అది బాగా పనికొచ్చేది. తిమింగలాలను కాపాడే చట్టాలు రావడంతో 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని మానుకోవాల్సి వచ్చింది. దాని స్థానంలో జనరల్ మోటార్స్ తెచ్చిన కొత్త డెక్స్‌రాన్ రకం ఆయిల్ మొదట్లో కూలర్ అతుకుల్లోని లోహాన్ని తినేసింది. తుప్పు పట్టకుండా మరో పదార్థం కలిపి ఆ ఆయిల్‌ని సరిచేయాల్సి వచ్చింది. ఆయిల్‌కీ కూలెంట్‌కీ మధ్య ఉండేది పలుచని లోహపు గోడ. ఎన్నేళ్లయినా అది చెక్కుచెదరదని అనుకోవడానికి లేదు.

ఈ నిస్సాన్ బండ్ల విషయంలో నా అభిప్రాయం ఇది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకా శుభ్రంగా ఉంటే, రేడియేటర్ లోపలి కూలర్‌ని పూర్తిగా తప్పించడం మంచిది. రెండు ఆయిల్ పైపులనూ రేడియేటర్ నుంచి విడదీసి, నేరుగా బయటి కూలర్‌కు కలపాలి. రేడియేటర్ వైపు మిగిలిన రెండు నోళ్లకు మూతలు బిగించాలి. ఆ తర్వాత రేడియేటర్ పగిలినా కూలెంట్ రోడ్డు మీద కారుతుంది తప్ప గేర్‌బాక్స్‌లోకి పోదు. కొత్త రేడియేటర్ వేయించుకోవడం రెండో దారి. అసలు పదిహేనేళ్లు దాటిన రేడియేటర్‌ని ఎలాగూ మార్చాల్సిందే. డబ్బు వీలైతే రెండూ చేయించండి. ఒకటే వీలైతే ముందు పైపులు విడదీయించండి.

లోపలి కూలర్‌ని తప్పించినప్పుడు చలి గురించి ఆలోచించాలి. టెక్సాస్‌లో పెద్ద ఇబ్బంది లేదు. మిన్నెసోటాలోనో షికాగోలోనో జనవరి ఉదయం ఆయిల్ చిక్కబడి ఉంటుంది. అది వెచ్చబడేదాకా చాలా బండ్లలో లాక్-అప్ క్లచ్ పట్టదు, గేర్లు ఆలస్యంగా మారతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అలాంటి చోట్ల థర్మోస్టాట్ వాల్వ్ (ఆయిల్ వెచ్చబడేవరకు దాన్ని కూలర్‌లోకి పంపకుండా దగ్గరి దారిలో తిప్పే కవాటం) ఉన్న కూలర్ తీసుకోవాలి.

ఇక ఏ కూలర్ కొనాలి? ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి వంపులు తిరిగిన గొట్టం చుట్టూ రేకులున్నది. ఇది చవక. రెండోది పలుచని పలకల్ని వరసగా పేర్చి మధ్యలో రేకులు పెట్టినది. ఒకే కొలతలో రెండోది ఎక్కువ వేడిని తీస్తుంది, ఆయిల్‌ని కూడా తేలిగ్గా పారనిస్తుంది. నేనైతే రెండోదే తీసుకోమంటాను. కారణం ఇది. కూలర్ నుంచి తిరిగి వచ్చే ఆయిల్ చాలా గేర్‌బాక్స్‌లలో నేరుగా జారుడు దారుల్లోకి వెళుతుంది. బేరింగులకు, పళ్ల చక్రాలకు తడి ఇచ్చేది ఆ ఆయిలే. కూలర్ ఇరుకై ప్రవాహం తగ్గిందంటే ఆయిల్ చల్లగా ఉన్నా ఆ భాగాలు ఎండిపోతాయి. సన్నగొట్టం కూలర్ కంటే, మడత పడ్డ హోస్ కంటే, అసలు కూలర్ పెట్టకపోవడమే నయం. కూలర్ల మీద మోయగల బండి బరువు పౌండ్లలో రాసి ఉంటుంది. మీ బండి బరువు, లాగే ట్రైలర్ బరువు కలిపి దానికి సరిపోయేది చూసుకోండి.

బిగించే చోటు బండి ముందు భాగం, ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే రేకుల పెట్టె)కు ముందు. గాలి మొదట తగిలేది అక్కడే. కిట్‌తో పాటు ప్లాస్టిక్ కడ్డీలు ఇస్తారు. వాటిని కండెన్సర్ రేకుల్లోంచి దూర్చి కూలర్‌ని బిగించమంటారు. అది తేలిక పనే గానీ నాకు సమ్మతం కాదు. బండి అదిరినప్పుడల్లా ఆ కడ్డీ కండెన్సర్ గొట్టాన్ని రాస్తుంది. కొన్నాళ్లకు ఏసీ గ్యాస్ పోవచ్చు. బండి చట్రానికి చిన్న ఇనుప పట్టీలు వేసి, కండెన్సర్‌కీ కూలర్‌కీ మధ్య కాస్త ఎడం ఉండేలా బిగించడం మేలు. ఆయిల్ నోళ్లు పైకో పక్కకో ఉండాలి. కిందికి ఉంటే పైన గాలి చిక్కుకుని కూలర్ పూర్తిగా నిండదు.

హోస్ విషయంలో పొదుపు వద్దు. మెకానిక్ దగ్గర చేతికందిన పెట్రోలు హోస్ వేస్తానంటే ఒప్పుకోకండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడికి అది గట్టిపడి చీలుతుంది. ఈ పనికోసమే చేసిన హోస్ మీద ఎస్‌ఏఈ జే1532 అని ప్రమాణం రాసి ఉంటుంది. అది అడగండి. ఇనుప పైపుని కోసి హోస్ తొడిగితే, పైపు చివరను కాస్త ఉబ్బెత్తుగా చేయించి ఆ తర్వాతే క్లాంపు వేయాలి. నున్నటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా ఒత్తిడికి హోస్ జారిపోవచ్చు. హైవే మీద హోస్ ఊడితే కొద్దిసేపట్లోనే ఆయిలంతా పోతుంది. అలా పోయిన గేర్‌బాక్స్ సంగతి చెప్పనక్కర్లేదు.

రెండు పైపుల్లో తిరిగి వచ్చేది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. బండి కాస్త నడిపాక జాగ్రత్తగా గమనిస్తే ఎక్కువ వేడిగా ఉన్నది బయటికి వెళ్లే పైపు. తక్కువ వేడిది తిరిగి వచ్చేది. మీ మోడల్ సర్వీసు పుస్తకం ఉంటే అందులోనూ ఉంటుంది. పని అయ్యాక కొత్త కూలర్, హోస్‌లు నిండడానికి కొంత ఆయిల్ అదనంగా పడుతుంది. కాబట్టి ఇంజిన్ నడిపి, గేర్లన్నీ ఒకసారి మార్చి, మట్టం మళ్లీ చూడాలి. చూసే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. చాలావాటిలో ఇంజిన్ నడుస్తుండగా పార్క్‌లో చూస్తారు. పాత క్రైస్లర్లలో న్యూట్రల్‌లో, హోండాల్లో ఇంజిన్ ఆపి చూస్తారు. ఆయిల్ కూడా మీ కంపెనీ చెప్పిన రకమే పోయాలి. 1996 తర్వాతి బండ్లకు ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గు) ఉంటుంది. దానికి చిన్న స్కానర్ తగిలిస్తే చాలా మోడళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ వేడిని ఫోన్‌లో చూసుకోవచ్చు. కూలర్ పెట్టక ముందు, పెట్టాక ఒకే దారిలో నడిపి పోల్చి చూడండి. అవసరం ఉందో లేదో, ప్రయోజనం ఎంతో ఆ అంకెలే చెబుతాయి.

కూలర్ చేయలేని పని కూడా చెప్పాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే, గేరు పడేటప్పుడు ఇంజిన్ అరిచి బండి కదలకపోతే, అరిగింది లోపలి క్లచ్. కూలర్ దాన్ని తిరిగి బతికించదు. ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్స్‌కు అది రక్షణ మాత్రమే. ఒకవేళ గేర్‌బాక్స్ పాడై కొత్తదో బాగుచేసినదో వేయించుకుంటుంటే పాత కూలర్‌ని అలాగే ఉంచకండి, మార్చేయండి. పాత గేర్‌బాక్స్‌లో ఊడిన లోహపు రజను అందులో చేరి ఉంటుంది. దాన్ని పూర్తిగా కడగడం కష్టం. కొత్త గేర్‌బాక్స్‌లోకి మొదట పారేది ఆ రజనే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మన దగ్గర 2014లో సెలేరియోతో మొదలై చవక కార్లలో వ్యాపించిన ఏఎంటీ బండ్లకు ఇదేదీ వర్తించదు. వాటిలో ఉన్నది మామూలు క్లచ్, మామూలు గేర్లే. వాటిని మోటారో ఆయిల్ ఒత్తిడో నడుపుతుంది. టార్క్ కన్వర్టర్ లేదు, అందులో చిలికే ఆయిలూ లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న పెద్ద బండ్లు వాడేవాళ్లు మాత్రం కొండలెక్కే ప్రయాణాల ముందు గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఒకసారి చూసుకోవడం మంచిది.

అమెరికాలో పాత పాత్‌ఫైండర్ లాంటి బండి కొనబోతున్నవాళ్లు బేరానికి ముందే ఒక పని చేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల చూడండి. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. ఈ నిస్సాన్లలో దాన్ని చిన్న బోల్టుతో బిగించి ఉంచుతారు. మెకానిక్‌ని వెంట తీసుకెళ్తే నయం. రెండింటిలో ఎక్కడైనా గులాబీరంగు పాల లాంటి ద్రవం కనిపిస్తే ఆ బండి కొనకండి. ఇప్పటికే మీ దగ్గరున్న బండిలో అది కనిపిస్తే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా, టో బండి పిలిపించి షాపుకు చేర్చండి.